పిండంలో తడికలు కట్టే ప్రోటీన్

మగ్గిన అరటిపళ్ల చుట్టూ ముసిరే చిన్న ఈగలనే హబ్సిగూడ సీసీఎంబీ పరిశోధనశాల లాంటి చోట్ల గాజు గొట్టాల్లో, 25 డిగ్రీల దగ్గర పెంచుతారు. మే ఎండల్లో కరెంటు పోతే ఈగలు పెంచేవాళ్లకు టెన్షనే. వాటి గుడ్లు కావాలంటే ఆపిల్ జ్యూస్ కలిపిన అగర్ పళ్లెం మీద కాస్త ఈస్ట్ ముద్ద పెడతారు. గుడ్డు పొడవు అర మిల్లీమీటరు. బ్లీచ్‌లో రెండు నిమిషాలు ఉంచితే పైపెంకు ఊడిపోతుంది.

లోపల వింత కాపురం. మొదటి 13 విడతల్లో కేంద్రకాలు చీలుతూ పోతాయి గానీ మధ్యలో గోడలు లేవవు. చివరికి దాదాపు 6,000 కేంద్రకాలు ఒకే గదిలో ఉంటాయి. పదో విడతకల్లా చాలావరకు పైఅంచుకు చేరతాయి. అక్కడ ఒక్కో కేంద్రకం మీద యాక్టిన్ అనే ప్రోటీన్ పోగులు టోపీలా పేరుకుంటాయి. చీలే వేళకు ఆ పోగులే అంచులకు జరిగి, పక్కపక్క కేంద్రకాల మధ్య తాత్కాలికంగా తడికలు కడతాయి.

యాక్టిన్ దొరికింది ఈగలో కాదు, కండరంలో. 1942లో హంగరీలోని సెగెడ్‌లో స్ట్రౌబ్ అనే శాస్త్రవేత్త దాన్ని వేరుచేశాడు.

ఈగ పిండంలో యాక్టిన్‌కు ఆ టోపీ రూపమిచ్చేది ఎవరన్న ప్రశ్నకు 1992లో ఒక ఆధారం దొరికింది. జీవశాస్త్రవేత్త ఎరిక్ వీషావ్స్ బృందం ‘స్పంజ్’ అనే జన్యువులో లోపమున్న ఈగల్ని పరిశీలించింది (ఆయనకు నోబెల్ వచ్చింది 1995లో, వేరే పనికి). లోపమున్న తల్లి బతికే ఉంటుంది, గుడ్లూ పెడుతుంది. దెబ్బ పడేది గుడ్ల మీదే. తొలి విడతల్లో పిండం దాదాపుగా తల్లి సర్దిపెట్టిన సరుకుతోనే నడుస్తుంది మరి. నాకైతే కూతురితో పంపే సారె గుర్తొస్తుంది.

ఆ గుడ్లలో టోపీలూ లేవు, తడికలూ లేవు. అయినా తొలి విడతలు సాఫీగానే సాగాయి! అసలు ఆసక్తి ఇక్కడే ఉంది. కేంద్రకాల రద్దీ పెరిగాకే, ఒకదాన్ని చీల్చే తాళ్లు పక్కదానితో ముడిపడటం మొదలైంది. అంటే తడిక పని చోటు చూపడం కాదు, ఇరుగుపొరుగు చిక్కుపడకుండా ఆపడం.

స్పంజ్ జన్యువు తయారుచేసేది ఏ కుటుంబపు ప్రోటీనో తర్వాత తేలింది. అది డాక్ కుటుంబానిది, మనుషుల్లోని డాక్3, డాక్4లకు చుట్టం. ఎల్మో అనే ప్రోటీన్‌తో జతకడుతుందని 2011లో చూపించారు. ఈ జంట ర్యాక్ అనే మీటను నొక్కితే, ఆర్ప్2/3 అనే ప్రోటీన్ల గుంపు పాత యాక్టిన్ పోగు పక్కనుంచి కొత్త కొమ్మ వేయిస్తుంది. టొరంటో బృందం 2018లో మరో ముక్క కలిపింది: అలా పెరిగిన టోపీలు అంచుల్లోని మయోసిన్ అనే మరో ప్రోటీన్ కట్టును ఢీకొంటాయి, ఆ ఒత్తిడికే పైపొర లోపలికి వంగుతుంది.