ఊరి నడుమ ఇల్లు ఎవరిది?

పిల్లలూ,

రాతలే లేని కాలంలో ఊరికి పెద్ద ఎవరో ఎలా కనిపెడతారు తాతయ్యా అని మొన్న ఫోన్లో అడిగారు కదా, సిగ్నల్ పోయి సగంలో ఆగింది, అందుకే రాస్తున్నా.

పుణె జిల్లాలో ఘోడ్ నది పక్కన ఇనాంగావ్ ఉంది, పుణెలోని దక్కన్ కాలేజీ పురావస్తు పరిశోధకులు 1968 నుంచి ఏళ్ల తరబడి తవ్వారు, క్రీ.పూ. 1600 నుంచి 700 దాకా జనం ఉన్న చోటు, వందకి పైగా ఇళ్లు బయటపడ్డాయి. ఊరి మధ్యలో ఒక ఇంటికి ఐదు గదులు, పక్కనే ధాన్యం కొట్టు. కుమ్మరి, కంసాలి లాంటి పనివాళ్ల ఇళ్లేమో పడమటి అంచున. ఇల్లు పెద్దదైతే చాలు నాయకుడిదే అనేస్తే నేనైతే ఒప్పుకోను, పెద్ద కుటుంబమేమో ఎవరు చూశారు? కానీ అక్కడ మామూలుగా వయసొచ్చినవాళ్లు చనిపోతే పాదాలు కోసేసి పడుకోబెట్టి పూడ్చేవాళ్లు (దెయ్యమై నడిచి రాకూడదనేమో, అది ఊహే), చిన్నపిల్లల్ని రెండు కుండల్లో పెట్టి, మూతికి మూతి కలిపి ఇంటి నేల కిందే పూడ్చేవాళ్లు. ఈ ఐదు గదుల ఇంటి వాకిట్లో ఒకాయన మాత్రం నాలుగు కాళ్ల పెద్ద మట్టి జాడీలో బాసింపట్టు వేసుకుని ఉన్నాడు, పాదాలు రెండూ ఉన్నాయి! ఇల్లు, కొట్టు, జాడీ మూడూ ఒకేచోట దొరికాయి కాబట్టే నాకు నమ్మకం కుదిరింది. పైగా ఊరి పక్కన నీళ్లు మళ్లించే కాలువ, దానికో గట్టు కూడా ఉన్నాయి, అది ఒక్క ఇంటివాళ్లు తవ్వుకునేది కాదు, రేపు ఇంటికొకరు రండర్రా అని చెప్పే మనిషి ఎవరో ఉండే ఉంటాడు.

ఇనాంగావ్‌లోనే క్రీ.పూ. 1000 తర్వాత వానలు తగ్గాయంటారు, పెద్ద పెద్ద నలుచదరపు ఇళ్లు పోయి గుండ్రటి చిన్న గుడిసెలొచ్చాయి.

మన పాలమూరు వైపు ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) కథ వేరు. అక్కడి బూడిద దిబ్బని 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త తవ్వితే పశువుల గిట్టల గుర్తులు కూడా దొరికాయి, నడుమ కంచె వేసిన దొడ్డి, దాని చుట్టూ మనుషుల గుడిసెలు ఉండేవని ఆయన అన్నాడు. అంటే ఊరి నడుమ చోటు మనిషికి కాదు, మందకి! పేడ పోగుపడితే తగలబెట్టేవాళ్లు, ఆ బూడిదే దిబ్బయింది.

అలాంటి ఊళ్లో పెద్ద ఎవరై ఉంటారో మీకు తోచింది రాసి పంపండి, చిన్నదానితో బొమ్మ కూడా వేయించండి.

మీ తాతయ్య