పీలే పక్కన గారించా పేరు ఎందుకు చిన్నబోయింది?

పీలే, గారించా కలిసి బరిలోకి దిగిన ఒక్క మ్యాచ్‌లోనూ బ్రెజిల్ ఓడలేదు. అయినా ఫుట్‌బాల్ చూడనివాళ్లకు కూడా పీలే తెలుసు. గారించా పేరెత్తితే ఆట ఇష్టపడేవాళ్లలోనూ చాలామంది కాసేపు ఆలోచిస్తారు. ఈ తేడా ఆటలోంచి వచ్చింది కాదని నా గట్టి నమ్మకం.

గారించా అసలు పేరు మాన్యుయేల్ ఫ్రాన్సిస్కో దొస్ సాంతోస్. 1933లో రియో డి జనీరో రాష్ట్రంలో, బట్టల మిల్లును నమ్ముకుని బతికే పావ్ గ్రాండే అనే ఊళ్లో పుట్టాడు. గారించా అంటే అక్కడి ఓ చిన్న పిట్ట. ఇంట్లో పిలిచిన పేరే లోకానికీ పేరైంది. కాళ్లు వంకర, పైగా ఒకటి పొట్టి. ఆ కాళ్లతోనే కుడి అంచున బంతిని కాలి దగ్గర పెట్టుకుని ఆగేవాడు. బయటివైపు నుంచే దూసుకెళ్తాడని డిఫెండర్‌కి తెలుసు. తెలిసీ ఆపలేకపోయేవాడు. చూసేవాళ్లు విరగబడి నవ్వేవారు. పీలేను ‘రాజు’ అన్న బ్రెజిల్, ఇతన్ని ‘జనం సంతోషం’ అని పిలుచుకుంది.

1962లో చిలీ ప్రపంచకప్ రెండో మ్యాచ్‌లోనే పీలే గాయపడ్డాడు. ఇక ఆ టోర్నీని మోసింది గారించానే. క్వార్టర్స్‌లో ఇంగ్లండ్‌పై రెండు గోల్స్, సెమీస్‌లో చిలీపై మరో రెండు. ఫైనల్లో చెకోస్లొవేకియాను 3-1తో ఓడించి బ్రెజిల్ కప్పు నిలబెట్టుకుంది. ఒక్కడే జట్టును ఇంతగా లాక్కొచ్చిన ప్రపంచకప్పులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కానీ ఆ ఆట ఐరోపాకు ప్రత్యక్షంగా చేరలేదు. ఫిల్మ్ రీళ్లు విమానాల్లో వెళ్లాకే అక్కడి టీవీల్లో కనిపించింది.

1970లో మెక్సికో పోటీలు ఉపగ్రహాల ద్వారా రంగుల్లో, ప్రత్యక్షంగా ఇళ్లలోకి వచ్చాయి. ప్రపంచం కళ్లారా చూసింది పసుపు చొక్కాలో పీలేను. గారించా జాతీయ జట్టులో చివరిసారి ఆడింది 1966లో, హంగరీ మీద. బ్రెజిల్ తరఫున అతను ఓడిన మ్యాచ్ అదొక్కటే. ఆ రోజు పీలే మైదానంలో లేడు.

ఇక పీలే ఆడిన సాంతోస్ క్లబ్బు అతన్ని దేశదేశాలూ తిప్పింది. 1975లో అతను న్యూయార్క్ కాస్మోస్‌కు వెళ్లాడు. 1977లో ఆ జట్టుతోనే కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ మీద ఆడాడు. మన దేశంలో ఒక తరానికి బ్రెజిల్ అంటే పీలే కావడంలో ఆ మ్యాచ్ పాత్ర కూడా ఉంది. గారించాకు అలాంటి రెండో జీవితం దొరకలేదు. మోకాళ్లు దెబ్బతిన్నాయి, తాగుడు వదల్లేదు.

1983 జనవరిలో, 49 ఏళ్లకే చనిపోయాడు. మారకానా స్టేడియం నుంచి ఫైరింజన్ మీద అతని శవపేటికను పావ్ గ్రాండేకు తీసుకెళ్తుంటే దారిపొడవునా జనం నిలబడ్డారు.