పేరు ఎవరి సొత్తు? పింక్ ఫ్లాయిడ్ తగాదా వెనుక కథ

2024 అక్టోబరులో బ్రిటిష్ రాక్ సంగీత బృందం పింక్ ఫ్లాయిడ్ పాటల రికార్డింగులను సోనీ మ్యూజిక్ కొనుక్కుంది. సుమారు 40 కోట్ల డాలర్ల బేరమని పత్రికలు రాశాయి. రికార్డింగులతో పాటు బృందం పేరును వాడుకునే హక్కు కూడా సోనీకి వెళ్లింది. నిజానికి 2022లోనే ఈ అమ్మకానికి సంప్రదింపులు మొదలయ్యాయి. అవి నిలిచిపోవడానికి సభ్యుల మధ్య కలహాలు కూడా ఒక కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ పేరు కోసం ఒకప్పుడు కోర్టుకెక్కిన మనుషులు వాళ్లు.

ఆ పేరు పెట్టింది సిడ్ బారెట్. లండన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూ కలుసుకున్న రోజర్ వాటర్స్, నిక్ మేసన్, రిచర్డ్ రైట్‌లతో చేరిన చిత్రకళా విద్యార్థి అతను. 1965లో పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లలోని మొదటి మాటలను జోడించాడు. 1967లో వచ్చిన తొలి ఆల్బమ్‌లోని పాటల్లో ఎక్కువ భాగం అతనివే. ఏడాది తిరగకముందే మత్తుమందుల వల్ల, మానసిక అస్వస్థత వల్ల అతను వేదిక మీద నిలబడలేని స్థితికి చేరాడు. అతనికి తోడుగా డేవిడ్ గిల్మర్‌ను తీసుకున్నారు. 1968 జనవరిలో ఒక కచేరీకి బయలుదేరుతూ, దారిలో బారెట్‌ను ఎక్కించుకోవడం మానేశారు. అంతే, పేరు పెట్టినవాడు బయట, పేరు లోపల. ఆనాడు వాటర్స్‌కు అందులో అభ్యంతరమేమీ కనిపించలేదు.

తర్వాత బృందం నడిచిన పద్ధతి కూడా పేరుకే బలమిచ్చింది. వీళ్లు ముఖాలు చూపించుకునే రకం కాదు. హిప్నోసిస్ అనే డిజైన్ సంస్థ చేసిన అట్టల మీద 1970లో ఒక ఆవు, 1973లో గాజు పట్టకం గుండా వెళ్లే కాంతిరేఖ కనిపిస్తాయి తప్ప మనుషులు కనిపించరు. ఆ పట్టకం ఉన్న 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 1973 నుంచి 1988 వరకు అమెరికాలో ఎక్కువ ఆదరణ పొందిన ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ జాబితాలో మొత్తం 741 వారాలు ఉంది. అది కొన్నవాళ్లలో ఎంతమంది గిల్మర్ ఎవరో, రైట్ ఎవరో ఫొటో చూసి చెప్పగలిగేవారో! బీటిల్స్‌లో ఒకరు తప్పుకుంటే లోకమంతా గుర్తుపట్టేది. ఇక్కడ ఆ బెంగ లేదు.

డార్క్ సైడ్ నుంచి పాటల మాటలన్నీ వాటర్స్‌వే అయ్యాయి. క్రమంగా పెత్తనం కూడా అతనిదే అయింది. 1979 నాటి 'ద వాల్' ఆలోచన మొత్తం అతనిదే. ఆ ఆల్బమ్‌కు ముందు, తమ డబ్బు చూసుకుంటున్న పెట్టుబడుల సంస్థ చేతిలో బృందం భారీగా నష్టపోయింది. పన్నుల బెడద తప్పించుకోవడానికి బ్రిటన్ వదిలి ఫ్రాన్స్‌లో రికార్డింగ్ చేయాల్సి వచ్చింది. ఆ ఒత్తిడిలోనే వాటర్స్ రైట్‌ను బయటికి పంపించాడు. కచేరీల్లో మాత్రం రైట్ జీతానికి వాయించాడు. వేదిక మీద గోడ కట్టి కూల్చే ఆ ప్రదర్శనల ఖర్చు రాబడిని మించిపోయింది. నష్టం మిగతా ముగ్గురూ పంచుకున్నారు, డబ్బు కళ్లజూసింది జీతగాడైన రైట్ ఒక్కడే. ఉమ్మడి ఆస్తిలో వాటా పోగొట్టుకున్నవాడే చివరికి లాభపడ్డట్టు!

1983లో వచ్చిన 'ద ఫైనల్ కట్' అట్ట మీద, అది వాటర్స్ రచన అని, పింక్ ఫ్లాయిడ్ వాయించిందని వేశారు. బృందం అప్పటికే అతని పాటలకు పక్కవాద్యంగా మారిపోయింది. 1985 చివర్లో వాటర్స్ తప్పుకుంటున్నట్టు రికార్డు కంపెనీలకు తెలియజేశాడు. తాను లేకపోతే బృందం దానంతటదే ముగుస్తుందని అతని లెక్క. గిల్మర్, మేసన్ ముగించలేదు. దాంతో 1986లో వాటర్స్ ఆ పేరు వాడకుండా ఆపాలంటూ లండన్ హైకోర్టుకు వెళ్లాడు.

వాటర్స్ వాదనలో న్యాయం లేకపోలేదు. పదేళ్లుగా మాటలు, ఊహలు అతనివే. కానీ ఆ న్యాయమే 1968లో వర్తించి ఉంటే, బారెట్ వెళ్లిన రోజునే పింక్ ఫ్లాయిడ్ ఆగిపోయేది. డార్క్ సైడ్ వేరే పేరుతో వచ్చేది, లేదా వచ్చేదే కాదు.

తీర్పు చెప్పింది ప్రేక్షకులు. 1987లో గిల్మర్, మేసన్ కొత్త ఆల్బమ్‌తో బయలుదేరారు. యాత్ర ఖర్చు కోసం మేసన్ తన 1962 నాటి ఫెరారీ కారును తాకట్టు పెట్టాడు. వాళ్ల కచేరీలకు స్టేడియంలు నిండాయి. అదే ఏడాది సొంత పేరుతో తిరిగిన వాటర్స్‌కు అంతకంటే చిన్న వేదికలు దక్కాయి. డిసెంబరులో, థేమ్స్ నది మీద గిల్మర్ స్టూడియోగా మార్చుకున్న ఆస్టోరియా అనే పడవలో గిల్మర్, వాటర్స్ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. పేరు గిల్మర్, మేసన్‌లకు. 'ద వాల్' హక్కులు, కచేరీల్లో ఎగిరే గాలి నింపిన పంది బొమ్మ వాటర్స్‌కు. కోర్టులో తప్పు తనదేనని 2013లో బీబీసీ ఇంటర్వ్యూలో వాటర్స్ ఒప్పుకున్నాడు.

2005 జులై 2న లండన్ హైడ్ పార్క్‌లో జరిగిన లైవ్ 8 కచేరీలో వాటర్స్, గిల్మర్, మేసన్, రైట్ నలుగురూ కలిసి వాయించారు. 24 ఏళ్ల తర్వాత అదే మొదటిసారి, అదే చివరిసారి కూడా. 2006లో బారెట్, 2008లో రైట్ చనిపోయారు. 2022లో ఉక్రెయిన్‌కు మద్దతుగా గిల్మర్, మేసన్ అదే పేరుతో ఒక పాట విడుదల చేశారు. ఆ యుద్ధం మీద వాటర్స్ చేసిన వ్యాఖ్యలు పాత వైరాన్ని మళ్లీ రగిల్చాయి. 1977 నాటి 'యానిమల్స్' ఆల్బమ్ కొత్త మిక్సింగ్ 2018లోనే సిద్ధమైనా, లోపలి కాగితంలో ఏం రాయాలన్న గొడవతో నాలుగేళ్లు ఆలస్యంగా విడుదలైంది.

సోనీకి వెళ్లనిది రచన హక్కు. పాటల మాటలు, బాణీల మీద రాబడి ఇప్పటికీ రాసినవాళ్లకే వస్తుంది. అందులో పెద్ద వాటా వాటర్స్‌ది.