కాళంగి నీళ్లు పులికాట్‌లోకి పోతే వృథాయేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: కాళంగి నది సముద్రంలో కలుస్తుంది.
వాస్తవం: స్వర్ణముఖి నేరుగా బంగాళాఖాతంలోకి పోతుంది. కాళంగి అలా కాదు. 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట మీదుగా, చెంగాళమ్మ గుడి దగ్గర పారి పులికాట్ సరస్సులో పడుతుంది. సరస్సుకీ సముద్రానికీ మధ్య శ్రీహరికోట అడ్డంగా ఉంది. నీటి రాకపోకలన్నీ మొగల (సరస్సు సముద్రంలోకి తెరుచుకునే చోట్ల) గుండానే: మన వైపు తూపిలిపాళెం, రాయదొరువు, తమిళనాడు వైపు పళవేర్కాడు.

అపోహ: సరస్సులోకి పోయే నదినీరంతా వృథా.
వాస్తవం: ఎక్కువ చేటు చేస్తున్న అపోహ ఇదే. కాళంగి ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానలకే పారుతుంది. ఆ నీరే సరస్సు ఉప్పదనాన్ని తగ్గిస్తుంది. సముద్రంలో పుట్టిన రొయ్యపిల్లలు మొగల్లోంచి లోపలికొచ్చి, ఉప్పు తక్కువున్న ఈ నీళ్లలో పెరిగి తిరిగి పోతాయి. నదినీరు రాకపోతే ఏమవుతుందో ఎండాకాలంలో కనిపిస్తుంది. చాలాచోట్ల లోతు మోకాలి బంటే కాబట్టి నీరు త్వరగా ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటే, ఇక్కడ అంతకు మించిపోతుంది.

అపోహ: మొగలో పూడిక ఒకసారి తీస్తే చాలు.
వాస్తవం: కెరటాలు ఒడ్డు వెంబడి ఇసుకను నడిపిస్తూనే ఉంటాయి. లోపలి నుంచి వరద తోయాలి, ఆటుపోట్లు జోరుగా ఆడాలి. ఆ రెండూ లేకుంటే తవ్విన చోటే మళ్లీ తిన్నె కడుతుంది.

అపోహ: నది కలిసేచోట పైనీళ్లు చప్పగా ఉంటే ఉప్పు లేనట్టే.
వాస్తవం: లీటరు సముద్రపు నీరు మంచినీటి కంటే దాదాపు 25 గ్రాములు ఎక్కువ తూగుతుంది. అందుకే చప్పనీరు పైన తేలుతుంది, ఉప్పునీరు అడుగున చొరబడుతుంది. అడుగునీళ్లు పట్టాలంటే సీసాకి బరువు కట్టి, బిరడాకి వేరే తాడు కట్టి అడుగుకి దించాక బిరడా లాగండి. పైనీళ్లు విడిగా పట్టండి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును ముందు డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకి తెచ్చి, రెండు నమూనాల్లోంచీ ఒకటి రెండు చుక్కలు వేసి చూడండి. తేదీతోపాటు సమయం, ఆటా పోటా అన్నదీ రాసుకోవాలి. అది లేని అంకెను మరో రోజు అంకెతో పోల్చలేం.

అపోహ: ఫ్లెమింగోలు పులికాట్ దగ్గరి నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూళ్లు కడతాయి.
వాస్తవం: నేలపట్టు చెరువులోని కడప చెట్ల మీద గూళ్లు కట్టేవి గూడబాతులు (పెలికాన్లు). ఫ్లెమింగోలు పులికాట్‌కి మేతకే వస్తాయి. గూడబాతులు పిల్లలకి చేపలు తెచ్చేదీ చాలావరకు పులికాట్ నుంచే.