‘పోవు’ అంటే చావేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తెలుగు పుస్తకాలకు ప్రూఫులు దిద్దడం నా వృత్తి. తొలి పుస్తకం పంపే రచయితలు, ముఖ్యంగా తెలంగాణ, రాయలసీమల నుంచి రాసేవారు, ఉత్తరం చివర బెరుకుగా ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు: “‘పోయిన’ అని రాసిన చోటల్లా ‘వెళ్ళాను’ అని మార్చమంటారా?” ఆ బెరుకు వారి తప్పు కాదు; ‘పోవు’ మొరటు మాట అనీ, అమంగళమనీ ఎవరో ఎప్పుడో వారిని గద్దించి ఉంటారు.

అపోహలన్నింటిలోనూ ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. తమిళంలోని ‘పో’, కన్నడంలోని ‘హోగు’ ఈ మాటకు తోబుట్టువులు. అక్కడ వెళ్ళడానికి అవే మామూలు మాటలు. కోస్తా జిల్లాల వాడుక పుస్తక భాషగా స్థిరపడుతున్న కొద్దీ ‘వెళ్ళు’ పెద్దమనిషి మాటగా చెలామణి అయింది కానీ, అంతమాత్రాన “బడికి పోయిన” అన్నవారు తప్పు మాట్లాడినట్టు కాదు. ఇక అమంగళం సంగతి చూస్తే, గడప దాటేటప్పుడు “వెళ్తున్నాను” అన్నా పెద్దలు ఊరుకోరు, “వెళ్ళొస్తాను” అనమంటారు. తెలంగాణలో దానినే “పోయొస్త” అంటారు. శుభమంతా ‘వచ్చు’లో ఉన్నప్పుడు ‘పోవు’ను మాత్రమే దోషిగా నిలబెట్టడం ఏమి న్యాయం?

‘చనిపోయాడు’లో చావును తెచ్చింది ‘పోవు’ అని మరికొందరి నమ్మకం. పాత తెలుగులో ‘చను’ అన్నా వెళ్ళడమే; అలాంటప్పుడు నింద ‘పోవు’ ఒక్కదానికే ఎందుకు? ‘అలసిపోయాడు’, ‘మరిచిపోయాను’ వంటి మాటల్లో ‘పోవు’ ఎక్కడికీ కదలదు; ముందున్న క్రియ పూర్తయిందని మాత్రమే చెబుతుంది. ఇది గమనించని ఒక కుర్రవాడు కంప్యూటరులో ‘పోయి’ అన్న రెండక్షరాలనూ ఒక్క దెబ్బతో ‘వెళ్ళి’గా మార్చేసరికి పుస్తకం నిండా “అలసివెళ్ళి”, “తడిసివెళ్ళి”, “వెళ్ళిన వారం” అని తేలాయి, వాటిని ఏరడానికి మాకు మూడు రోజులు పట్టింది. ‘రాబోయే’లోని ‘బో’ కూడా ఈ ‘పోవు’ రూపమే. ‘పోనీ’, ‘పోతే’, ‘ఖర్చులు పోగా’ అన్నవాటికి శకునాలు వెతకడం వృథా ప్రయాస.

నిజమైన చిక్కు ఒక్కచోటనే ఉంది. గమ్యం చెబితే, కాటికో స్వర్గానికో అయితే తప్ప, మరణమన్న అర్థం రాదు. గమ్యం చెప్పకుండా మనిషిని గురించి “ఆయన పోయారు” అన్నప్పుడు మాత్రం వినేవారి ప్రాంతాన్ని బట్టి అర్థం మారుతుంది. వృత్తిలో చేరిన కొత్తలో ఒక కథలో “తాత పొద్దుగాలనే పోయిండు” అని చదివి, చావు కబురును ఇంత పొదుపుగా చెప్పారే అని రచయిత్రిని లోలోపల మెచ్చుకున్నాను. రెండు పేజీలు తిరిగేసరికి తాత గొడుగు ముడుస్తూ ఇంట్లోకి వచ్చాడు. “చనిపోయిన వ్యక్తి ఎలా వచ్చారు?” అని పక్కన ఎర్రసిరాతో రాసి పంపాను. “పొలానికి పోయిండు సార్, వానొచ్చి మర్లిండు” అని ఆమె జవాబు రాశారు. అచ్చులో ‘పొలానికి’ అన్న ఒక్క మాట చేర్చాము. అది మీవంటి వారి కోసమే తప్ప మా ఊరివారికి అక్కరలేదని ఆమె అప్పుడే స్పష్టం చేశారు.