యూకేలో పిల్లల ఫైల్: చూడటం వరకు గెలిచారు, దిద్దించడం దగ్గర ఆగిపోయింది

ఇంగ్లాండ్‌లో ఉండే మన తెలుగావిడ ఒకరు పోయిన చలికాలం వాళ్ళ పాప ఫైల్ తెచ్చి మా టేబుల్ మీద పెట్టింది, రెండు లావుపాటి కట్టలు, మధ్యమధ్యలో నల్లగా కొట్టేసిన లైన్లు. పాప ఐదు నెలలు కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) సంరక్షణలో, ఫోస్టర్ వాళ్ళింట్లో, అంటే కౌన్సిల్ తరఫున పిల్లల్ని పెంచేవాళ్ళింట్లో ఉండి తిరిగొచ్చేసింది. ఫైల్లో ఒకచోట ఇంటిపేరుని అసలు పేరు అనుకుని నాన్నని ఇద్దరు మనుషులుగా రాశారు. ఇంకోచోట తల్లి మీటింగులకి సహకరించట్లేదు అనిపిస్తోంది అని ఉంది. ఆవిడ అప్పుడు నైట్ డ్యూటీలు చేస్తోంది, మీటింగేమో పొద్దున తొమ్మిదింటికి, వేరే టైమ్ ఇవ్వండని పెట్టిన మెసేజ్‌లు ఫోన్లో ఇంకా ఉన్నాయి. పేరు సంగతి ఒక్క ఈమెయిల్‌తో సరిచేశారు. ఆ రెండో లైన్ మాత్రం తీయలేదు. ఎందుకు తీయలేదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

1948 చిల్డ్రన్ యాక్ట్‌తో, చూసుకునేవాళ్ళు లేని పిల్లల బాధ్యత అక్కడి కౌన్సిళ్ళ మీద పడింది. 1955 రూల్స్ వచ్చాక, వేరే ఇళ్ళల్లో పెంపకానికి ఇచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక కేస్ రికార్డు ఉండాలి. ఆ కాగితాలు ఆఫీసువాళ్ళు ఆఫీసువాళ్ళ కోసం రాసుకున్నవే, పిల్లాడు పెద్దయ్యి ఒకరోజు ఇవి చదువుతాడన్న ఆలోచన అప్పట్లో లేదు, నా దృష్టిలో గొడవంతా అక్కడే మొదలైంది.

దీన్ని కదిలించింది లివర్‌పూల్ కుర్రాడు గ్రాహం గాస్కిన్. 1959లో పుట్టాడు, తల్లి పోయింది, 1960 సెప్టెంబర్‌లో కౌన్సిల్ సంరక్షణలోకి వెళ్ళి 18 నిండేదాకా అందులోనే ఉన్నాడు, ఎక్కువ కాలం ఒక ఫోస్టర్ ఇంటి నుంచి ఇంకో ఫోస్టర్ ఇంటికి. తనని సరిగ్గా చూడలేదని కేసు వేద్దామని 1979లో తన ఫైల్ అడిగాడు. కోర్టులు కుదరదన్నాయి, ఇలాంటి కాగితాలు గోప్యంగా ఉంటేనే పిల్లల సంరక్షణ వ్యవస్థ నడుస్తుంది అని. తర్వాత కౌన్సిల్ ఒక పద్ధతి పెట్టింది, రాసినవాళ్ళు ఒప్పుకుంటే ఇస్తాం అని. ఫైల్లో 46 మంది ఇచ్చిన సుమారు 352 కాగితాలు ఉంటే, 1986 మేలో అతని చేతికి వచ్చినవి 19 మంది ఒప్పుకున్న 65. ఒక మనిషి బాల్యంలో ఐదో వంతు కూడా కాదు, అది కూడా వేరేవాళ్ళు సరే అంటేనే!

1989 జులై 7న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 11-6తో అతని వైపు తీర్పిచ్చింది. ఫైలంతా ఇచ్చేయాలని కాదు, రాసినవాళ్ళు ఒప్పుకోకపోయినా, అసలు దొరక్కపోయినా ఇవ్వాలా వద్దా తేల్చే స్వతంత్రమైన వ్యవస్థ ఒకటి ఉండాలి కదా, అది లేకపోవడమే తప్పు అంది.

ఈలోపు అక్కడి చట్టాలు కూడా మెల్లగా మారుతూ వచ్చాయి. 1984 డేటా ప్రొటెక్షన్ చట్టం కంప్యూటర్లో ఉన్నవాటికే, పాత ఫైళ్ళేమో అన్నీ కాగితాలు. 1987లో వ్యక్తిగత ఫైళ్ళ చట్టం వచ్చి 1989 ఏప్రిల్ నుంచి సోషల్ సర్వీసెస్ కాగితాలకి కూడా దారి తెరిచింది, కానీ అంతకుముందు రాసినవి చూపించి తీరాలని లేదు, అంటే గాస్కిన్ లాంటివాళ్ళకి ఉపయోగమే లేదు. 1998 చట్టం 2000 మార్చిలో అమల్లోకి వచ్చాక పాత కాగితం ఫైళ్ళు కూడా లెక్కలోకి వచ్చాయి, తప్పులుంటే దిద్దమని కోర్టు ఆర్డర్ వేసే వీలు కూడా అందులో ఉంది. 2018 నుంచి జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం, అందులో 16వ ఆర్టికల్ సరిదిద్దించుకునే హక్కు, అడిగిన నెలలోపు జవాబివ్వాలి, చిక్కు కేసైతే ఇంకో రెండు నెలలు.

ఇక్కడిదాకా చదివితే అంతా బానే ఉంది అనిపిస్తుంది. కానీ చట్టం దిద్దమనేది వాస్తవాన్ని. పుట్టిన తేదీ, పేరు, అడ్రస్ తప్పైతే చూపించగలం, మారుస్తారు. సోషల్ వర్కర్ అభిప్రాయం విషయంలో ఈ డేటా చట్టాల అమలు చూసే అక్కడి ఇన్ఫర్మేషన్ కమిషనర్ ఆఫీసు మాట ఏంటంటే, అది అభిప్రాయమని, ఎవరిదో స్పష్టంగా రాసి ఉంటే దాన్ని తప్పు అని చెప్పడం కష్టం. ఆ రోజు ఆ సోషల్ వర్కర్‌కి అలా అనిపించింది అన్నది నిజమే కాబట్టి రికార్డు కరెక్టేనట. అసలు దెబ్బ కొట్టేవేమో ఇలాంటి లైన్లే. కోపిష్టి, దాస్తోంది, పట్టించుకోదు, ఒకసారి ఎవరో రాస్తే తర్వాత వచ్చినవాళ్ళు అదే ఎత్తి రాస్తారు, నాలుగో రిపోర్టుకి వచ్చేసరికి "అనిపిస్తోంది" పోయి "సహకరించదు" అయిపోతుంది. మా టేబుల్ మీద ఫైల్లో సరిగ్గా అదే జరిగింది, నేనే వేలు పెట్టి నాలుగు చోట్లా లెక్కపెట్టాను. అలా మారిపోయిన నాలుగో చోటుని గట్టిగా అడిగితే దిద్దించొచ్చు, ఎందుకంటే అక్కడ అది అభిప్రాయంలా రాయలేదు, జరిగిన విషయంలా రాశారు. పాప వాళ్ళమ్మ ఇప్పుడు దాని మీదే మళ్ళీ రాసింది.

మొదటి లైన్‌కి మాత్రం మిగిలిన దారి, నేను ఒప్పుకోవట్లేదు అని మన వైపు మాట రాసిచ్చి ఫైల్లో పెట్టించుకోవడం. ఆవిడ ఒక పేజీ రాసింది, డ్యూటీ టైమింగులు, మెసేజ్‌ల తేదీలు అన్నీ వేసి. ఇంగ్లాండ్‌లో కౌన్సిల్ సంరక్షణలో ఉన్న పిల్లల రికార్డు వాళ్ళు పుట్టినప్పటి నుంచి 75 ఏళ్ళు దాచాలి. పాపకి ఇప్పుడు ఏడు. ఆవిడ ఆ పేజీ ఇంగ్లీషులో పూర్తి చేసి, కింద పాప కోసం నాలుగు లైన్లు తెలుగులో కూడా రాసింది.