ఎంబాపే ఏ ట్రయల్స్‌కీ ఫీజు కట్టలేదు

మొన్న శనివారం ప్రాక్టీసయ్యాక కోన్లు ఏరుకుంటుంటే ఒక నాన్న ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. తెర మీద ఏదో పీడీఎఫ్. పైన ఫ్రాన్స్ ఫుట్‌బాల్ స్టార్ ఎంబాపే ఫోటో, కింద ‘ఫ్రాన్స్‌లో పది రోజుల ట్రయల్స్, సెలక్టయితే అకాడమీ కాంట్రాక్టు’. నాలుగున్నర లక్షలు. విమానం టికెట్లు వేరే.

“సార్, ఎంబాపే సుత పద్నాలుగేండ్లకే పోయిండంట గదా? మావోనికి పదమూడు దాటింది. లేటైతదేమో అని భయమైతుంది.”

ఈ ఏడాది ఇలా అడిగినవాళ్లలో ఈయన మూడో మనిషి. స్పేర్ పార్టుల కొట్టు నడుపుతాడు. కొడుకు కోసం తాను చేయాల్సింది చేయకుండా పోతానేమోనన్న దిగులే తప్ప అత్యాశ ఉన్న మనిషి కాదు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆ పీడీఎఫ్ తయారు చేసినవాడి మీద ఉంది. పదిహేనేళ్లుగా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. ఫ్రెంచ్ స్ట్రైకర్ల (ముందుండి గోల్స్ కొట్టేవాళ్ల) చిన్నతనం గురించి మా గ్రౌండ్ గట్టు మీద పుట్టే కథలు వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

అపోహ: ఎంబాపే పద్నాలుగేళ్లకే ట్రయల్స్‌కి వెళ్లి సెలక్టయ్యాడు. మన పిల్లల్నీ ఆ వయసులోనే యూరప్ పంపాలి.

ముందు జరిగిందేమిటో చూడండి. 1998 డిసెంబరులో పుట్టాడు, పారిస్ శివార్లలోని బాండీలో పెరిగాడు. తండ్రి విల్ఫ్రిడ్ ఆ ఊరి క్లబ్ ఏఎస్ బాండీలో పిల్లల కోచ్. తల్లి ఫైజా హ్యాండ్‌బాల్ క్రీడాకారిణి. అంటే నడక నేర్చిన దగ్గర్నుంచీ పిల్లాడు మైదానంలోనే ఉన్నాడు. 2011 నుంచి 2013 దాకా క్లేర్‌ఫోంటెన్‌లో ఫ్రెంచ్ ఫుట్‌బాల్ ఫెడరేషన్ కేంద్రంలో శిక్షణ. అక్కడ కూడా పిల్లలు సోమవారం నుంచి శుక్రవారం దాకానే ఉంటారు. శని, ఆదివారాలు ఇంటికొచ్చి సొంత క్లబ్బుకి మ్యాచ్ ఆడాల్సిందే.

ఆ చిన్న వయసులోనే ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ లండన్ రమ్మంది. 2012 డిసెంబరులో, సరిగ్గా పద్నాలుగు నిండే సమయానికి, స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్ పిలిచింది. ఫ్రాన్స్ మాజీ స్టార్ జిదాన్ స్వయంగా కారెక్కమంటే “బూట్లు విప్పి ఎక్కాలా?” అని అడిగానని ఎంబాపేనే తర్వాత చెప్పుకున్నాడు. వాట్సాప్‌లో తిరిగే కథ అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయరు. ఆ కుటుంబం చెల్సీకీ ఒప్పుకోలేదు, మాడ్రిడ్‌కీ ఒప్పుకోలేదు. 2013లో మొనాకోలో చేర్చారు. మొనాకో వేరే దేశమే కానీ, దాని క్లబ్ ఆడేది ఫ్రెంచ్ లీగ్‌లో. కాబట్టి పద్నాలుగేళ్లకి పిల్లాడు ‘ఫారిన్’ పోలేదు, ఊరు మారాడంతే.

ఇందులో గమనించాల్సింది ఎవరు ఎవర్ని పిలిచారన్నది. క్లబ్బులే బాండీకి వచ్చి చూశాయి, క్లబ్బులే రమ్మన్నాయి. మధ్యలో ఎవరికో లక్షలు కట్టి ట్రయల్స్‌లో చోటు కొనుక్కున్నవాళ్లు లేరు. ఫుట్‌బాల్‌లో పిల్లాడు నిజంగా కావాలనుకుంటే డబ్బు క్లబ్బు జేబులోంచి బయటికొస్తుంది. మీ జేబులోంచి వెళ్తోందంటే అక్కడ అమ్ముతున్నది ఇంకేదో.

ఇక అసలు విషయం. నా దగ్గరికొచ్చే పది మంది తల్లిదండ్రుల్లో తొమ్మిది మందికి ఇది తెలియదు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా బదిలీల నిబంధనల్లో 19వ అధికరణం ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాణ్ని ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బులో రిజిస్టర్ చేయడం నిషేధం. మినహాయింపులు కొన్నే. యూరోపియన్ యూనియన్ లోపల అయితే పదహారు నిండితే చాలు. సరిహద్దుకి ఇటూ అటూ 50 కిలోమీటర్లలోపు ఇల్లూ క్లబ్బూ ఉండి, ఇంటి దగ్గర్నుంచే వెళ్లొచ్చే పిల్లలకు ఇంకో మినహాయింపు. శరణార్థి పిల్లల్లాంటి ప్రత్యేక సందర్భాలు మరికొన్ని. మనవాళ్లకు పనికొచ్చేది దాదాపుగా ఒక్కటే: తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో, నిజమైన ఉద్యోగం మీదో మరో పని మీదో, ఆ దేశానికి కాపురం మారితే.

ఇండియన్ పాస్‌పోర్టుతో హైదరాబాద్‌లో ఉంటున్న పదమూడేళ్ల పిల్లాడు ఫ్రాన్స్ వెళ్లి పది రోజుల్లో ఇరవై గోల్స్ కొట్టినా సరే, అక్కడి క్లబ్బు వాణ్ని తీసుకోలేదు. తీసుకోదని కాదు, తీసుకోవడానికి వీల్లేదు. ఈ నిబంధన పిల్లల విషయంలో ఉల్లంఘించినందుకే 2014లో ఫిఫా స్పెయిన్ క్లబ్ బార్సిలోనా మీద వేటు వేసింది. 2015లో రెండు బదిలీ విండోల్లో (ఆటగాళ్లను మార్చుకునే గడువుల్లో) ఆ క్లబ్బు కొత్త ఆటగాళ్లెవరినీ రిజిస్టర్ చేయలేకపోయింది. అంతటి బార్సిలోనాకే దొరకని దారి మీ పీడీఎఫ్ వాడికి దొరికిందంటే నమ్ముతారా?

మరి ఆ లక్షలకి ఏమొస్తుంది? నా దగ్గర ఆడిన ఒక పిల్లాడు కొన్నేళ్ల కిందట ఇలాగే వెళ్లాడు. వాళ్ల నాన్న చీటీ పాడి కట్టాడు. నాకు చెప్పకుండా వెళ్లారు. చెబితే వద్దంటానని తెలుసు. తిరిగొచ్చాక పిల్లాడే చెప్పాడు: టూరిస్టు వీసా, అద్దెకు తీసుకున్న మునిసిపాలిటీ గ్రౌండు, అరవై మంది దాకా పిల్లలు. అందరూ డబ్బు కట్టి వచ్చినవాళ్లే. మ్యాచ్ జరుగుతుంటే గట్టు మీద ఇద్దరు మనుషులు కాఫీ తాగుతున్నారట. వాళ్లే స్కౌట్లని, అంటే క్లబ్బుల కోసం ఆటగాళ్లను వెతికేవాళ్లని చెప్పారట. చివరి రోజు ట్రాక్‌సూట్, లామినేషన్ చేసిన సర్టిఫికెట్టు. ఆ సర్టిఫికెట్టు మీద క్లబ్బు పేరు కూడా లేదు. పిల్లాడు రెండు నెలలు బంతి ముట్టుకోలేదు. డబ్బు పోతే పోయింది, ‘ఫ్రాన్స్‌లో రిజెక్ట్ అయ్యాను’ అనుకుని కుంగిపోయాడు చూడండి, అది చూసి నాకు ఒళ్లు మండింది. ఒరేయ్, నిన్ను రిజెక్ట్ చేయడానికి అక్కడ క్లబ్బంటూ లేదురా అని ఎన్నిసార్లు చెప్పానో.

ఇంత చెప్పినా ఎవరో ఒకరు “మరి గ్రీజ్‌మన్ పద్నాలుగేళ్లకే స్పెయిన్ పోయాడు కదా సార్” అంటారు. పోయాడు. ఈ ఫ్రెంచ్ స్ట్రైకర్ పుట్టింది 1991లో, ఫ్రాన్స్‌లోని మాకాన్‌లో. చిన్నగా, బక్కగా ఉన్నాడని ఫ్రెంచ్ క్లబ్బులు వరసగా వద్దన్నాయి. 2005లో పారిస్‌లో ఒక టోర్నీలో ఫ్రెంచ్ క్లబ్ మోంపెలియే తరఫున ట్రయల్ మ్యాచ్ ఆడుతుంటే స్పెయిన్ క్లబ్ రియల్ సొసైడాడ్ స్కౌట్ ఎరిక్ ఒలాట్స్ కంట్లో పడ్డాడు. ఆ తర్వాత ఎక్కడున్నాడు? ఫ్రాన్స్‌లోనే, సరిహద్దు దగ్గరున్న బయోన్‌లో, ఆ స్కౌట్ ఇంట్లోనే. పగలు ఫ్రెంచ్ బడి, బడి అయ్యాక సరిహద్దు దాటి సాన్ సెబాస్టియన్‌లో ప్రాక్టీసు. యూరోపియన్ యూనియన్ పౌరుడు, పక్క దేశం, ఇంట్లో పెట్టుకుని చూసుకునే మనిషి. అన్నీ కుదిరినా ఇంటి మీద బెంగతో ఏడ్చిన రోజులున్నాయని ఆయనే చెప్పాడు. మొదటి టీమ్‌లోకి వచ్చింది 2009లో. అప్పటికి సొసైడాడ్ ఉన్నది రెండో డివిజన్‌లో.

నిజంగా కుదిరిన కేసు నాకు తెలిసింది ఒక్కటే. మా అండర్-11 పిల్లాడి వాళ్ల నాన్న ఇంజనీరు. ఉద్యోగం మీద ఫ్రాన్స్‌లోని తులూజ్ మారారు. పిల్లాడు అక్కడి పేటలోని మామూలు క్లబ్బులో చేరాడు. బుధవారం ప్రాక్టీసు, శనివారం మ్యాచ్. ఏజెంటు లేడు, పీడీఎఫ్ లేదు. వాడేం ఎంబాపే అయిపోలేదు, రైట్ బ్యాక్ ఆడుతున్నాడు. హాయిగా ఉన్నాడు. వాళ్లమ్మ అప్పుడప్పుడు బురద కొట్టుకుపోయిన జెర్సీ ఫోటోలు పంపుతుంటుంది.

అపోహ: ఎంబాపే పదహారుకే స్టారయ్యాడు. పదహారు దాటితే ఇక అంతే.

ఎంబాపే 2015 డిసెంబరు 2న మొనాకో తరఫున కాన్ జట్టు మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు, పదహారేళ్ల 347 రోజుల వయసులో. అంతకుముందు ఆ క్లబ్బులో అతి పిన్న వయస్కుడి రికార్డు ఫ్రాన్స్ మాజీ స్ట్రైకర్ థియెరీ ఆన్రీది. ఈ ముక్క అందరికీ నోటికొచ్చు. ఆ సీజన్‌లో లీగ్ గోల్స్ ఎన్ని కొట్టాడో అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. ఒకటి. 2016 ఫిబ్రవరిలో, త్రోయే జట్టు మీద. మిగతా కాలమంతా యూత్ టీమ్‌కి ఆడాడు, యూత్ టీముల గాంబార్డెల్లా కప్ ఫైనల్లో రెండు కొట్టాడు, జూలైలో అండర్-19 యూరో గెలిచిన జట్టులో ఐదు కొట్టాడు. తర్వాతి సీజన్ మొదట్లోనూ ఎక్కువగా బెంచీ మీదే. పేలింది 2017 ఫిబ్రవరి తర్వాత. సీజన్ ముగిసేసరికి అన్ని పోటీల్లో కలిపి 26 గోల్స్, మొనాకోకి లీగ్ టైటిల్. అరంగేట్రానికీ స్టార్‌డమ్‌కీ మధ్య ఏడాది పైన గడిచింది, అదీ ఎంబాపేకి. మీవాణ్ని రెండు మ్యాచ్‌లు బెంచీలో కూర్చోబెడితే నాకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తారు.

పదహారు దాటితే అంతే అనేవాళ్లకి ఫ్రాన్స్ స్ట్రైకర్ జిరూ పేరు చాలు. 2007-08లో గ్రెనోబుల్ క్లబ్బు ఆయన్ని మూడో డివిజన్‌లోని ఇస్త్రె క్లబ్బుకి అద్దెకిచ్చింది. వయసు ఇరవై ఒకటి. తర్వాత తూర్ క్లబ్బు తరఫున రెండో డివిజన్ టాప్ స్కోరర్, 2012లో మోంపెలియేతో లీగ్ ఛాంపియన్. ఫ్రాన్స్ జెర్సీ తొలిసారి వేసింది ఇరవై అయిదేళ్లకి. ఫ్రాన్స్ తరఫున 57 గోల్స్ కొట్టాడు.

అపోహ: స్ట్రైకర్‌ని చిన్నప్పట్నుంచీ స్ట్రైకర్‌గానే ఆడించాలి.

వద్దు. ఆన్రీ మొనాకోలో ఎడమ వింగ్, అంటే మైదానం ఎడమ అంచున ఆడేవాడు. ఎంబాపే కూడా చాలావరకు వింగ్ నుంచే లోపలికొచ్చాడు. కోచ్ వెంగర్ ఇంగ్లండ్ క్లబ్ అర్సెనల్‌లో ఆన్రీని మధ్యలోకి మార్చినప్పుడు మొదటి ఎనిమిది మ్యాచుల్లో గోలే రాలేదు. అంతటి ఆటగాడికే అన్ని మ్యాచులు పట్టింది. మీవాణ్ని డిఫెన్స్‌లో, లెఫ్ట్ బ్యాక్‌లో పెడితే నామర్దా ఏమీ కాదు.

అపోహ: క్లేర్‌ఫోంటెన్‌లో సీటు ‘ఇప్పించేవాళ్లు’ ఉన్నారు.

లేరు. అది ఫెడరేషన్ కేంద్రం. పారిస్ ప్రాంతపు పిల్లలకు దశలవారీగా సెలక్షన్ పెట్టి తీసుకుంటుంది. గ్రీజ్‌మన్, జిరూ ఇద్దరూ అక్కడ చదివినవాళ్లు కారు.

అపోహ: ఆట కావాలంటే చదువు వదిలేయాలి.

ఎంబాపే 2016లో బ్యాకలోరియా పాసయ్యాడు. అంటే మన ఇంటర్. ఈ ముక్క పిల్లలకి వినిపించేలా చదవండి.

స్పేర్ పార్టుల కొట్టాయనకి ఇదంతా మైదానంలోనే, నిలబడే చెప్పాను. విని కాసేపు మాట్లాడలేదు. “మరి ఏం జెయ్యాలె సార్?” అన్నాడు. మీవాడు ఈ ఏడాది ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో తెలుసా అని అడిగాను. లెక్కపెడితే ఏడు. బాండీ పిల్లలు రెండు నెలల్లో ఆడేస్తారు అన్ని. మనకి పిల్లల లీగులు సరిగ్గా లేవు, అది నిజం. అది మీ తప్పు కాదు, మీ పిల్లాడి తప్పు అసలే కాదు. ఆ నాలుగున్నర లక్షల్లో కొంత పెడితే నాలుగు టీములు కలిసి, గ్రౌండు అద్దెతో, రెఫరీ ఫీజుతో ఏడాది పొడుగునా ఆదివారం మ్యాచ్‌లు పెట్టుకోవచ్చు. ఇంకో ఇద్దరు నాన్నలతో మాట్లాడతానన్నాడు.

వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగాడు.

“సార్, అడ్వాన్సు ఇరవై వేలు కొట్టిన. అడిగితే ఇస్తడంటరా?”

ఫోన్ తీసుకుని నేనే టైపు చేశాను: మీరు చెప్పే క్లబ్బు పేరేమిటి, పద్దెనిమిది నిండని ఇండియన్ పిల్లాణ్ని 19వ అధికరణంలోని ఏ మినహాయింపు కింద రిజిస్టర్ చేస్తారు, క్లబ్బు ఈమెయిల్ నుంచి లెటర్ పంపించండి, లేదంటే అడ్వాన్సు వాపసు ఇవ్వండి. అంతే. పంపిన నిమిషంలోనే రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇవాళ్టికి ఆరు రోజులు, జవాబు లేదు. రోజూ పొద్దున ఆయన నాకు ఆ స్క్రీన్‌షాట్ పంపుతున్నాడు.